బయట తాళం, లోపల పకోడీ

కిరండుల్‌లో ముసురు పట్టి ఆ ఆదివారానికి తొమ్మిదో రోజు. గనిలో డంపరు నడిపే సన్యాసిరావుకి ఆ రోజు సెలవు. సెలవు దొరకగానే జగదల్‌పూర్ తీసుకెళ్లి సినిమా చూపిస్తానని భార్య తాయారమ్మకి పెళ్లయిన కొత్తలో మాటిచ్చాడు. ఎనిమిదేళ్లకి ఆ ముహూర్తం కుదిరితే, వానకి రోడ్డు తెగింది.

"పోనే పోనాది," అంది తాయారమ్మ. "పిల్ల అమ్మమ్మ దగ్గరుంది. ఇంట్లోనే ఉందుం. కేరమ్స్ ఆడుకుందుం, పకోడీ ఏసుకుందుం, పెళ్లి ఫొటోలు చూసుకుందుం. మనిద్దరవే. మూడో మనిషి గుమ్మం తొక్కకూడదు."

కంపెనీ క్వార్టర్లలో అది జరిగే పని కాదు. సెలవున్న మగాడు ఇంట్లో కనిపిస్తే ఫ్యూజు వేయమని ఒకరు, పేకాటకి రమ్మని ఇంకొకరు వస్తారు. అందుకే సన్యాసిరావు తన తెలివంతా ఉపయోగించి, డ్యూటీకెళ్తున్న పక్కింటి అప్పలకొండ చేత బయట తాళం వేయించాడు. వెనక తలుపు వానకి ఉబ్బి నాలుగు రోజులుగా రావడం లేదన్న సంగతి ఆ తెలివికి అందలేదు.

"రెండింటికొచ్చి తియ్యి. ఎవలికీ చెప్పనని పైడితల్లి మీద ఒట్టెయ్యి," అన్నాడు. అప్పలకొండ ఒట్టేశాడు.

తొమ్మిదింటికి ఎదురింటి పైడమ్మ తాళం చూసింది. "పిల్లని తేడానికి పొద్దుటి బండికి ఎళ్లిపోనారు గావాల. మాటైనా చెప్పనేదు," అని నొచ్చుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. పదిన్నరకి ఆమె మొగుడు పైడిరాజు తడుస్తూ వచ్చి, కొండ జారి పట్టాల మీద పడిందని, పొద్దుటి బండి జాడ తెలియడం లేదని చెప్పాడు.

అరగంటలో ఆ క్వార్టర్ల వరస మొత్తం సన్యాసిరావు వరండాలో ఉంది. తడవకుండా ఏడవడానికి అదే అనువైన చోటు.

లోపల కేరమ్ బోర్డు ముందు ఇద్దరూ బిగుసుకుపోయారు. "చెప్పేద్దుమండి," అని గొణిగింది తాయారమ్మ.

"ఇప్పుడు చెపితే పరువుంటాదేటి? రెండింటికి అప్పలకొండొస్తాడు, ఊరుకో."

బయట పైడమ్మ ముక్కు చీదింది. "ఎనిమిదేళ్లలో దాన్నొక్క సినిమాకి అట్టుకెళ్లనేదు మహానుబావుడు. తిన్నగా కొండ కిందకే అట్టుకెళ్లాడు."

తాయారమ్మ మొగుడి వైపు చూసింది. అతను స్ట్రైకర్ వైపు చూశాడు.

"నా గొడుగు కూడా ఆడి దగ్గరే ఉండిపోనాది," అన్నాడు పైడిరాజు, అంతకంటే బాధగా.

రెండింటికి అప్పలకొండ వచ్చాడు. గుంపును చూసి నోరు తెరిచాడు, ఒట్టు గుర్తొచ్చి మూసేశాడు. ఇంతలో బండిని వెతకడానికి పట్టాల పక్క మట్టిదారిన వెళ్లే జీపు వచ్చి ఆగింది. సన్యాసిరావు మొహం ఎరిగినవాడు ఒకడు కావాలన్నారు. అందరూ కలిసి అప్పలకొండని ఎక్కించారు. తాళంచెవి జేబులో పెట్టుకుని, సన్యాసిరావుని వెతకడానికి అతను నలభై కిలోమీటర్ల దూరం వెళ్లిపోయాడు.

కిటికీ సందులోంచి చూసిన సన్యాసిరావు మెల్లగా వెళ్లి వెనక తలుపు గుంజాడు, రాలేదు. తాయారమ్మకి ఏడుపొచ్చింది. "ఈ ఒక్క రోజూ నాదనుకున్నాను. ఇదీ మన చావు మనం ఇనడానికే సరిపోనాది," అంది. కళ్లు తుడుచుకుని స్టవ్ వెలిగించింది. ఉల్లిపాయలు కసిగా తరిగింది.

మొదటి వాయి దిగేసరికి బయట ఏడుపు ఆగింది. "పకోడీ వాసనొస్తంది గదేటే," అంది పైడమ్మ.

కిటికీ తెరుచుకుంది. చువ్వల మధ్య నుంచి ఒక పొట్లం బయటికొచ్చింది. "తినొదినా. పొద్దున్నించీ నా కోసం ఏడ్సి ఏడ్సి నీరసమొచ్చుంటాది," అంది తాయారమ్మ. "అన్నయ్యా, ఇదిగో నీ గొడుగు."

ఒక్క రోజు ఇద్దరే గడపాలని తాళం వేయించుకున్న సంగతంతా చెప్పక తప్పలేదు. నానా తిట్లూ తిడతారనుకుంది. ఆడవాళ్లెవరూ తిట్టలేదు. పకోడీ నములుతూ ఒక్కొక్కరే తమ మొగుళ్ల వైపు తిరిగారు. పైడిరాజు గొడుగు తెరిచి దాని చాటుకి వెళ్లాడు.

సాయంత్రం జీపు తిరిగొచ్చింది. "బండి బాగానే ఉంది బావా. పెట్టెలన్నీ ఎతికేను, మీరు నేరు," అన్నాడు అప్పలకొండ తాళం తీస్తూ.

పై ఆదివారానికీ వాన తగ్గలేదు. తాయారమ్మ శనగపిండి కలిపి, కేరమ్ బోర్డు తుడిచి, తాళం వెతుకుతోంది. ఇంతలో పైడమ్మ తన పిల్లలిద్దర్నీ గుమ్మంలో దింపి, "నీదైపోనాది గదా తాయారూ, ఈ వారం మాది," అని చెప్పి తాళంకప్పతో అప్పలకొండ ఇంటివైపు నడిచింది. ఆమె వెనకే ఇంకో ముగ్గురు ఆడవాళ్లు తమ పిల్లల్ని దింపడానికి వచ్చారు.

పది గంటలకి ఆ వరసలో తెరిచి ఉన్న తలుపు తాయారమ్మదొక్కటే, లోపల తొమ్మిది మంది పిల్లలు కేరమ్స్ ఆడుతున్నారు.