కొండ మీద ఏడు చుక్కలు

పొద్దున్నే జొన్న అంబలి తాగి బయలుదేరితే, మధ్యాహ్నానికల్లా ఏడు చుక్కలు పెట్టేసి ఇంటికి వచ్చేయవచ్చనుకుంది కొముహంగి.

పని చిన్నదే. ఆరోగ్య కార్యాలయం వాళ్లు ఆమె ఫోనులో కిగేజీ కొండల పటం పెట్టి ఇచ్చారు. అరవై దాటి, లోయలోని ఆసుపత్రికి గంటలోపు నడిచి చేరలేని మనిషి ఏ ఇంట్లో ఉంటే, పటంలో ఆ ఇంటి మీద ఎర్ర చుక్క పెట్టాలి. కనీసం ఏడు చుక్కలున్న కొండకు వారానికోసారి నర్సు మందుల సంచితో ఎక్కి వస్తుంది. లేని కొండకు రాదు. పటం పంపడానికి ఆ సాయంత్రమే గడువు. తమ కొండ మీద ముసలివాళ్లు బీపీ మాత్రలకు కూడా దిగలేక, ఖాళీ అయిన అట్టను గూట్లో దాచుకుని కూర్చోవడం కొముహంగి చూస్తూనే ఉంది.

తీరా వెళితే కొండ మీద ముసలివాళ్లే లేరు.

"తాత ఎవరే? అన్నయ్యా అను," అన్నాడు రోగులను మోసే డోలీ సంఘం పెద్ద రుకారా. "నాకు యాభై నాలుగు."

"మా నాన్నకే యాభై ఎనిమిది. ఆయన నీ దగ్గరే చదువుకున్నాడుగా తాతా."

"పంతులు చిన్నవాడై ఉండకూడదని ఎక్కడైనా ఉందా?"

"సరే. ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది?"

"అరగంట. ఎదురుగాలి ఉంటే ఇంకో అయిదు నిమిషాలు."

వాళ్ల భయం ఆమెకు తెలుసు. నిరుడు ఎదురు కొండ మీద ఎవరో ఫోనులు పట్టుకుని తిరిగారు. తర్వాత హద్దురాళ్లు పాతారు. ఆ తర్వాత కంచె వచ్చింది. అందుకే ఈ కొండ మీద ఆ ఉదయం అందరికీ యాభై నాలుగే.

ఎడీసా అవ్వ ఒంటరిది. ఆమెకున్నదల్లా ఇంటి వెనక చిలగడదుంపల మడి ఒక్కటే. కొముహంగి చెప్పింది మొత్తం విని, ఆమె ఒకే ప్రశ్న అడిగింది.

"చుక్క పెట్టాక ఈ ఇల్లు ఎవరిదవుతుంది?"

"నీదే అవ్వా."

"మరి చుక్కెందుకు? నాదని నాకు తెలుసుగా." అవ్వ కర్ర అందుకుంది. "ఈ కర్ర పాముల కోసం. పద, అరగంటలో ఆసుపత్రికి నడిచి చూపిస్తా. చేరాక మళ్లీ నా గుమ్మం తొక్కకు."

మూడో మలుపులో అవ్వ బండ మీద కూలబడింది. చెప్పులో రాయి పడిందని చెప్పింది. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. కొముహంగి ఆమె పక్కనే నిలబడి, ఎంతసేపయిందోనని ఫోను మీదికి వంగింది.

పై మడిలో దుంపలు తవ్వుతున్న పొరుగింటి బితారబేహోకు కనిపించింది ఇంతే: బండ మీద అవ్వ, ఆమె మీదికి వంగిన ఆరోగ్యం పిల్ల. అతను కొమ్ము ఊదాడు.

కొమ్ము వినిపిస్తే రోగిని మోయడానికి ఇంటికొక మనిషి రావాలి. రానివాళ్ల డోలీని రేపు ఎవరూ ఎత్తరు. ఆ రోజు కబాలే సంత కావడంతో కుర్రవాళ్లంతా బస్తాలతో కొండ దిగిపోయారు. ఇక మిగిలిన యాభై నాలుగేళ్లవాళ్లు ఎనిమిది మంది వెదురు డోలీ మోసుకుని వచ్చారు.

"నాకేం కాలేదురా, దించండి," అంది అవ్వ.

"అందరూ అదే అంటారు," అన్నాడు రుకారా. "డోలీ ఎక్కినవాళ్ల మాట చెల్లదు. ఆ నియమం పెట్టించింది నువ్వే."

నిజమే. ఆమె భర్త కూడా నాకేం కాలేదంటూనే సగం దారిలో డోలీని వెనక్కి తిప్పించాడు. ఇల్లు చేరలేదు. ఆ నెలే ఆమె సంఘంలో పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది. అవ్వ డోలీలో వెనక్కి వాలింది.

మొదటి దిగుడులోనే రుకారాకు ఆయాసం మొదలైంది. మెల్లగా నడిస్తే రోగికి మంచిదని చెప్పాడు. భుజం మార్చమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. వెనకే ఫోను పట్టుకుని కొముహంగి నడుస్తోంది మరి. ఒకరి మోకాలు పట్టేసింది. ఒకరు దారి పక్కన పక్షిని చూడాలని ఆగి, చాలాసేపు చూశారు.

"అరగంటన్నారు. నాకు ఆకలేస్తోంది," అంది డోలీలోంచి అవ్వ. ఇంకో మలుపు తిరిగాక, "నాకు తెలిసిందిలే. నన్ను కొండ దింపి, పైన నా మడిలో రాళ్లు పాతిస్తున్నారు," అంది.

"పాతడానికి పైన ఎవరున్నారవ్వా?" అన్నాడు బితారబేహో రొప్పుతూ. "అందరం నీ కిందే ఉన్నాం."

ఆసుపత్రి చేరేసరికి నీడలు పొడుగయ్యాయి. నర్సు పెనినా బయటికి వచ్చి చూసింది. వరండాలో ఎనిమిది మంది వరుసగా వెల్లకిలా పడి ఉన్నారు. ఒక ముసలామె చెంబుతో వాళ్లకు నీళ్లు పోస్తోంది.

"రోగి ఎవరు?"

"నేనే," అంది అవ్వ. "వీళ్లయ్యాక చూద్దువుగానిలే."

నర్సు రుకారాకు బీపీ రెండుసార్లు చూసి, వయసు అడిగింది. తప్పు చెబితే మందు మోతాదు తప్పుతుందని కూడా చెప్పింది. రుకారా ఓరకంట కొముహంగి ఫోను వైపు చూశాడు.

"డెబ్బై ఒకటి," అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు డెబ్బై మూడు," అన్నాడు పక్కనున్న బితారబేహో. ఆ వరుసలో ఎవరూ అరవైకి తగ్గలేదు.

రెండు గంటల యాభై నిమిషాలు పట్టిందని ఫోను చూపిస్తోంది. "తాతా, చుక్కలు పెట్టనా?" అని కొముహంగి మెల్లగా అడిగింది.

"పెడితే రాళ్లు పాతరని ఏంటి నమ్మకం?"

అవ్వ చెంబు కింద పెట్టింది.

"పెట్టవే. ముందు నా ఇంటి మీద పెట్టు. రాళ్లు మోసుకొచ్చేవాళ్లు కూడా ఈ దారినే ఎక్కాలిగా. పైకొచ్చేసరికి వాళ్లనే మనం డోలీలో దింపాల్సొస్తుంది."

ఎనిమిది మందీ పడుకునే ఆలోచించి, పడుకునే తలలూపారు. పొద్దు గుంకేలోగా పటం మీద తొమ్మిది ఎర్ర చుక్కలు పడ్డాయి.

తర్వాతి మంగళవారం నర్సు పెనినా మందుల సంచితో కొండ ఎక్కింది. మూడో మలుపు దగ్గర, ఊపిరి తీసుకుందామని ఒక్క నిమిషం బండ మీద కూర్చుంది.

పై మడిలోంచి బితారబేహో చూసి, ఆమెకేదో అయిందని అనుమానపడి, కొమ్ము ఊదాడు.