అల్లుడుగారి కరెంటు గీత

1984లో, అమెరికాలోని నేపర్‌విల్‌లో, ఒక శనివారం కృష్ణమోహన్ పెందలాడే లేచాడు. పాత కరెంటు మీటర్లంటే అతనికి ప్రాణం. ఆరు నెలలు కూర్చుని బాగుచేసిన అరవై ఏళ్ల నాటి మీటరొకటి ఆ రోజు పది గంటలకు లైబ్రరీ ప్రదర్శనలో పెట్టాలి. లోపలి గడియారపు యంత్రం కాగితపు చుట్టను మెల్లగా లాగుతుంటే, కరెంటు పెరిగినప్పుడు సిరా ముల్లు పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. జనానికి చూపించడానికి ఒక గీత కావాలి కదా! మీటరును హాల్లోనే ఉంచి, వైరుతో వంటింటి కరెంటు పొయ్యికి కలిపి, కాగితం మీద తన పేరు రాసి, పక్కనే సోఫాలో నడుం వాల్చాడు. అంతే, నిద్రపట్టేసింది.

భార్య జయంతి కూరగాయలకు వెళ్లింది. తెనాలి నుంచి వచ్చి పదిహేను రోజులైన అత్తగారు కోటమ్మ దోసెలు మొదలుపెట్టింది. ఆ పొయ్యి వేడెక్కినప్పుడల్లా తనంతట తానే ఆగి, మళ్లీ అందుకుంటుంది. అల్లుణ్ణి లేపుదామని హాల్లోకి వచ్చిన కోటమ్మకు కాగితం నిండా కొండలూ లోయలూ కనిపించాయి. పైన అల్లుడి పేరు. సోఫా కింది నుంచి వైరు. గుంటూరు ఆస్పత్రిలో భర్త గుండెకు ఇలాంటి కాగితమే తీశారు! దోసె మాడు వాసన వస్తే పరుగెత్తి పొయ్యి ఆపి వచ్చింది. ఇంతలో ముల్లు అడుగుకు పడిపోయింది. గీత తిన్నగా సాగుతోంది.

"అయ్యయ్యో, అల్లుడుగారూ!"

అల్లుడుగారు గురక పెట్టారు.

కోటమ్మ పక్కింటి డాక్టర్ శశికళకు ఫోన్ చేసింది. "అమ్మా, మా అల్లుడుగారి గుండె ఆగిపోయింది! కాగితంలో పడింది!"

"ఊపిరి ఉందా ఆంటీ?"

"గురక పెడుతున్నారు."

"గురకా? గుండె ఆగినప్పుడు కూడా అలాంటి సౌండే వస్తుంది! అంబులెన్స్‌కి కాల్ చేసి వస్తున్నా. మీరు డోర్ ఓపెన్ చేసి పెట్టండి."

కృష్ణమోహన్ కళ్లు తెరిచేసరికి స్ట్రెచర్ మీద ఉన్నాడు. "దింపండి! అది నా గుండె కాదు, మన పొయ్యి!" అని అరిచాడు. తెలుగులో అరిచాడు కాబట్టి అంబులెన్స్ వాళ్లకు అర్థం కాలేదు. కోటమ్మకు అర్థమైంది.

"చూశావా శశికళా, మతి కూడా పోయింది!" అని బావురుమంది.

శశికళ కాగితం చూసింది, మీటరు చూసింది, వైరు వెంట వంటింట్లోకి నడిచింది. పొయ్యి ఆన్ చేస్తే ముల్లు లేచింది. ఆపితే పడింది. ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతూ విషయం ఇంగ్లీషులో చెబితే, అంబులెన్స్ వాళ్లూ నవ్వారు. వచ్చాం కదా అని ఇద్దరికీ బీపీ చూశారు. కృష్ణమోహన్‌ది నిక్షేపంలా ఉంది. కోటమ్మది రెండు వందల పది! అతణ్ణి దింపి, అదే స్ట్రెచర్ మీద ఆవిణ్ణి పడుకోబెట్టారు.

"మీరు ప్రదర్శనకు వెళ్లండి బాబూ, నాకేం కాదు" అంది కోటమ్మ. ఆవిడ చెయ్యి మాత్రం అతని చొక్కా వదల్లేదు. కృష్ణమోహన్ ఒకసారి మీటరు వైపు చూసి, అంబులెన్స్ ఎక్కాడు. భయం తప్ప మరే జబ్బూ లేదని తేల్చి మధ్యాహ్నానికి ఆవిణ్ణి ఇంటికి పంపారు.

లైబ్రరీ ప్రదర్శనకు ఆ రోజు మొత్తం ముగ్గురే వచ్చారనీ, ముగ్గురూ బాత్‌రూమ్ ఎక్కడో అడగడానికే వచ్చారనీ అతనికి సోమవారం తెలిసింది.