ఆరడుగుల అర్జీ

బంగారాన్ని మెడలో వేసుకునేవాళ్ళు వట్టి అమాయకులు! కాళ్ళ కింద పెట్టుకున్నవాడే అసలు సిసలు ధనవంతుడు. నవ్వకండి. మా సగ్యాప్ ఊరివాళ్ళం ఆరేళ్ళుగా ఈ పద్ధతిలోనే బతుకుతున్నాం.

మెడలో బంగారానికి ఎన్ని తంటాలు! దొంగల భయం, మెరుగు పెట్టించే ఖర్చు, కోడళ్ళ మధ్య వాటాల తగువు. కొండ కింద బంగారానికి ఇవేమీ లేవు. కోడలు అడగలేదు, అల్లుడు అలగలేడు, మనం చూడలేం. కంటికి కనబడని సొత్తుకన్నా భద్రమైన సొత్తు ఉంటుందా?

ఆరేళ్ళ కిందట ఖనిజాల ఆఫీసు మనిషి ఒకాయన వచ్చి మా చర్చి గోడకు రంగురంగుల పటం తగిలించాడు. పసుపు పూసిన చోటంతా బంగారమేనట. "మీరు కూర్చున్నది మామూలు కొండ మీద కాదు, దేశపు సహజ సంపద మీద!" అన్నాడు. మేమంతా కాస్త సర్దుకుని మర్యాదగా కూర్చున్నాం. ఆ సంపద చెక్కుచెదరకుండా ఉండాలి కనుక, ఇకమీదట ఊళ్ళో మూడడుగులకు మించి ఎవరు గొయ్యి తవ్వినా పర్మిషన్ ఉండాలన్నాడు.

మా తాతలు పందిని కోసి, కొండను అడిగి, తవ్వుకునేవాళ్ళు. దొరికిన బంగారు రాయిలో ఇరుగుపొరుగుకు ఇంత పెట్టి, మిగిలింది తాము ఉంచుకునేవాళ్ళు. ఎంత అనాగరికం! కొండను అడిగితే సరిపోతుందా? ఆఫీసును అడగొద్దూ?

అప్పటినుంచి చూడండి మా వైభోగం. చిలగడదుంపలు సైతం రూలు తెలిసి పైపైనే ఊరుతున్నాయి. బడికి మరుగుదొడ్డి గొయ్యి తవ్వలేదు. పిల్లలు పైన్ చెట్ల చాటుకు పరుగెత్తి పరుగెత్తి జిల్లా పందేల్లో కప్పు గెలుచుకొచ్చారు. పట్నం నుంచి జీప్నీ బండి వచ్చే దారిలో ఒక గుంత మూడడుగులు దాటింది. పర్మిషన్ లేకుండా అంత లోతుకు దిగినందుకు ఆఫీసువాళ్ళు దాని పక్కన నోటీసు పాతారు గానీ, గుంత పూడ్చలేదు. పూడిస్తే సాక్ష్యం పోతుందట!

ఊట ఎండిపోయింది, నిజమే. ఆడవాళ్ళు నీళ్ళకు రెండు కొండలు దిగుతున్నారు, అదీ నిజమే. మధ్యాహ్నం అయ్యేసరికి ఇళ్ళల్లో కాఫీ కప్పులు ఎవరూ ముట్టకుండానే గలగలలాడుతున్నాయి. లోపల బంగారం ఎదుగుతోంది కాబోలు, ఒళ్ళు విరుచుకుంటోంది అనుకుని మేం సంబరపడ్డాం.

వీటన్నిటినీ మించిన మేలు ఇంకొకటుంది. ఈ బంగారం పుణ్యమా అని మా ఊళ్ళో మనుషులు చావడం మానేశారు! నమ్మరూ? బిలాగ్ తాత సంగతి వినండి మరి.

తాతకు ఎనభై రెండు. మా కొండల్లో పోయినవాళ్ళను ఇంటి పక్కనే పాతుకుంటాం. ప్రాణం పోయినంత మాత్రాన ఇంటి మనిషిని ఊరవతలికి తోలేస్తామా? తాత భార్య గవాని ఆ పటం రాకముందే పోయింది కాబట్టి, ఏ గొడవా లేకుండా కాఫీ చెట్టుకూ ఇంటి గోడకూ మధ్య హాయిగా పడుకుంది. ఆమె ఎడమ పక్క జాగా తాతది. నలభై ఏడేళ్ళ కాపురంలో దుప్పటంతా గవానే లాక్కునేదట. కనీసం మట్టయినా చెరిసగం కావాలని ఆయన పంతం.

ఒక చలికాలం దగ్గు పట్టుకుంది. దాని వెనకే భయమూ పట్టుకుంది. చావంటే కాదు. తనకు కావలసిన గొయ్యి ఆరడుగులు!

చచ్చి ఊరుకుంటే కుదరదు మాలో. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పాతిపెట్టేదాకా రోజుకో పందిని కోసి ఊరికి అన్నం పెట్టాలి. కాగితం రాకపోతే తాత కుర్చీలోనే, పందులు గిన్నెలోనే! అందుకని ముందుచూపుతో, ఉన్న ఒక్క కోటూ తొడుక్కుని, జీప్నీ ఎక్కి పట్నంలో ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ ఫ్లోరిటా మేడం అనే గుమాస్తా ఫారం తీసింది.

"ఎంత లోతు తాతా?"

"ఆరడుగులమ్మా."

"ఏం కట్టడానికి?"

"కట్టడానికి కాదు తల్లీ, పడుకోడానికి."

మేడం కలం ఆపింది. "అయ్యో! ఎవరు పోయారు?"

"ఇంకా పోలేదు. నేనే. పోదామనుకుంటున్నా."

"అలా కుదరదు తాతా. పోయాక పెట్టుకోవాలి అర్జీ."

"పోయాక రావడం కష్టం కదమ్మా. ఇప్పుడే మోకాళ్ళు రానివ్వడం లేదు."

మేడం పై ఆఫీసరు గదిలోకి వెళ్ళి వచ్చింది. "సరే, ప్రత్యేక కేసుగా తీసుకుంటాం. తవ్వేటప్పుడు బంగారం తగిలితే?"

తాత నోరు బార్లా తెరిచాడు. కింది దవడలో రెండు బంగారు పళ్ళు తళుక్కుమన్నాయి. "నేను తీయడానికి వెళ్ళడం లేదమ్మా, వేయడానికి వెళుతున్నా! ఈ రెండూ దేశం లెక్కలో కలుపుకోండి. రసీదు కూడా అడగను."

ఫ్లోరిటా మేడం నిజాయితీపరురాలు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంది: ఆరడుగుల గొయ్యి, అదనంగా రెండు పళ్ళు. ఆ పళ్ళతోనే వచ్చింది చిక్కు. నిల్వ తగ్గించేవాళ్ళకు ఫారం ఉంది గానీ, పెంచేవాళ్ళకు ఫారమే లేదు! ఫైలు రాజధాని మనీలాకు వెళ్ళాలి.

"ఎన్నాళ్ళమ్మా?"

"మూడేళ్ళు అనుకో తాతా."

"అయితే మూడేళ్ళు బతకాలా?"

"రూలు ప్రకారం అంతే మరి."

రూలంటే రూలే. తాత ఇంటికొచ్చి పొగాకు మానేశాడు. అల్లం కషాయం తాగాడు. పొద్దున్నే కొండెక్కి దిగాడు. దగ్గు సిగ్గుపడి వెళ్ళిపోయింది! ఇది చూసి ఊళ్ళో ముసలివాళ్ళందరూ అర్జీలు పడేశారు. పాయ్‌కావ్ అని ఇంకో పెద్దాయనకు ఒకనాడు కళ్ళు తేలిపోయాయి, కాళ్ళు చల్లబడ్డాయి. భార్య భుజం పట్టి ఊపేసింది. "ఏమయ్యోయ్, నీ కాగితం ఇంకా రాలేదు! పందులు నీ బాబు మేపుతున్నాడా? లే!" ఆయన లేచి కూర్చుని కాఫీ అడిగాడు. పది ఆసుపత్రులు చేయలేని పని ఒక్క ఫైలు చేసింది. దేశానికి ఇంతకన్నా సహజ సంపద ఏం కావాలి?

మూడేళ్ళన్న కాగితం రెండున్నరేళ్ళకే వచ్చింది. తాత మేనల్లుడు అర్సెనియో, నలుగురు పిల్లల తండ్రి, అరుగు మీద నిలబడి గట్టిగా చదివాడు.

"'తమ పెరటిలో ఆరడుగుల గొయ్యి తవ్వుకొనుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు. కారణము: సదరు స్థలము కింద ఖనిజము ఏదియు మిగిలి లేదు.'"

"మళ్ళీ చదవరా."

"ఏదియు మిగిలి లేదు మామయ్యా."

"లేదు అని ఉందా, మిగిలి లేదు అని ఉందా?"

"మిగిలి లేదు అనే ఉంది."

"మిగల్లేదంటే తిన్నట్టేగా! మనం దుంపలు కూడా పైపైనే పీక్కున్నాం కదరా. ఎవడు తిన్నాడు?"

అర్సెనియో కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. "మనకెందుకు మామయ్యా ఆ గొడవ! పర్మిషన్ వచ్చిందిగా. గొయ్యి తవ్వి పలకలు మూసి పెట్టుకుందాం. నువ్వు నీ తీరికను బట్టి పోదువుగాని."

ఆ మాట తాతకు నచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ గవాని ఎడమ పక్కన ముగ్గు పోసి మొదలుపెట్టారు. అడుగు దిగింది, రెండు దిగింది, మూడూ దిగింది. మూడు దాటగానే తాత టోపీ తీసి, కాగితాన్ని జేబులోంచి పైకి కనబడేలా పెట్టుకున్నాడు. నాలుగో అడుగులో అర్సెనియో గునపం ఎత్తి ఒక్క పోటు పొడిచాడు.

గునపం ఆగలేదు. వాడి చేతుల్లోంచి జారి, మట్టిలోకి దిగి, మాయమైపోయింది! అది పోయిన చోట పళ్ళెమంత కంత పడింది. అందులోంచి చల్లటి గాలి వచ్చి తాత ముఖానికి తగిలింది. కాసేపటికి ఎక్కడో లోతున ఠంగుమంది. దాని వెంటనే ఒక అరుపు.

"ఎవడ్రా పైన? తల పగిలేది కదరా!"

అర్సెనియో ఒక్క గెంతులో కాఫీ చెట్టు దగ్గర తేలాడు. తాత మాత్రం మెల్లగా గోతిలోకి దిగి, బోర్లా పడుకుని, కంతలో ముఖం పెట్టాడు. అడుగున ఒక సొరంగం, రాళ్ళు నింపిన తోపుడుబండి, నెత్తి మీద దీపం టోపీతో ఒక మనిషి. కొండ అవతల గని తవ్వే కంపెనీవాడు.

"దెబ్బేమీ తగల్లేదు కదా నాయనా?"

"తగల్లేదు గానీ, ఎవరు తాతా నువ్వు? అక్కడేం చేస్తున్నావు?"

"ఇల్లు చూసుకుంటున్నా. కాస్త తల ఎత్తి నీ కుడివైపు పైకప్పు చూడు బాబూ. ఒక ముసలమ్మ ఉండాలి. ఇంకా పైనే ఉందా, కిందికొచ్చేసిందా?"

దీపం అటు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది. కిందివాడు తడబడ్డాడు. "ఇక్కడెవరూ లేరు తాతా. పైనే ఉన్నట్టున్నారు." అంతలో వాడికి ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది, గొంతు పెంచాడు. "అయినా ఇక్కడ తవ్వకూడదని తెలీదూ? ఇది దేశ సంపద! పర్మిషన్ ఉందా నీకు?"

బిలాగ్ తాత జేబులోంచి కాగితం తీసి, ముద్ర కనబడేలా మడత విప్పి, కంతలోకి చాపాడు.

"ఉంది నాయనా. ఆరడుగులకి. నీదెన్ని అడుగులకి?"

కింద దీపం టక్కున ఆరిపోయింది.