సెలూన్‌లో పిడుగు మాయం

“ఈ లోకంలో నేరాన్ని వాసన పట్టగల బుర్రలు రెండే ఉన్నాయక్కా. రెండోది ఎవరిదో ఇంకా తేలాల్సి ఉంది,” అన్నాడు మా తమ్ముడు.

ఆ మాట అన్నప్పుడు వాడి చొక్కా పై గుండీ రెండో కాజాలో ఉంది. నేను చెప్పలేదు. చెబితే అది మారువేషం అంటాడు.

మా తమ్ముడు పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ప్రతి మూటనీ పైపైన తడిమి లోపల ఏముందో చెప్పేవాడు. మూట విప్పే అధికారం వాడికి లేదు కాబట్టి, చెప్పింది తప్పని ఒక్కసారి కూడా తేలలేదు. వాడి ఆత్మవిశ్వాసానికి పునాది అదే. రిటైరైన మర్నాడే ఒక భూతద్దం కొనుక్కుని, డిటెక్టివ్‌నయ్యానని మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చాడు.

ఈసారి నేరం నేను పనిచేసే చోటే జరిగింది.

మాది ఒకే గది, రెండు షాపులు. మధ్యలో ఒక పూల తెర. తెరకి అటు సెలూను, ఇటు టైలరింగు. బార్బరూ టైలరూ కలిసి అద్దెకు తీసుకున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు “బావా” అని పిలుచుకుంటారు. నేను తెర పక్కన పీట వేసుకుని అంచులు మడిచి కుడతాను, కాజాలు వేస్తాను. అటు సబ్బు వాసన, ఇటు ఇస్త్రీ వాసన. రెండు వైపులా వినబడే మాట మాత్రం ఒకటే. పిడుగు.

పిడుగు అంటే ర్యాప్ పాటలు పాడి పేరు తెచ్చుకుని, ఆ తర్వాత సినిమా హీరో అయిన కుర్రాడు. అసలు పేరు వేరే ఉందట, అది వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. మా వాళ్ళిద్దరూ అతని అభిమానులే. గొడవంతా అక్కడే వచ్చింది. టైలరు పాటల పిడుగుకి అభిమాని, బార్బరు సినిమాల పిడుగుకి అభిమాని.

“పాడుకునేవాణ్ణి పాడుకోనివ్వక యాక్టింగులోకి లాక్కొచ్చార్రా. ఏడుపు సీన్లో కూడా కాలితో తాళం వేస్తున్నాడు!” అనేవాడు టైలరు.

“అది తాళం కాదు బావా, దుఃఖంతో వణుకు.”

“డాక్టరు వేషం వేసి, రోగి పోయాడన్న కబురు ప్రాస కలిపి చెప్పాడు. అదీ దుఃఖమేనా?”

“కొత్తదనం! నీకు ఎక్కకపోతే ఆయనేం చేస్తాడు?”

“మరి ఫొటో తీసుకోబోయిన కుర్రాడి చెంప మీద ఒక్కటిచ్చాడే?”

“ఆ వీడియో ఎడిట్ చేశారు.”

“చెంప కూడా ఎడిట్ చేశారా?”

“తర్వాత సారీ చెప్పాడుగా!”

“చెప్పాడు, పాట కట్టి చెప్పాడు. ఈమధ్య వాడు చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే.”

వాళ్ళు ఇలా అరుచుకుంటూ ఉంటే నా కుట్టు వంకర పోయేది కాదు. మనుషులు పోట్లాడుకుంటున్నంతసేపూ ఒకేచోట ఉంటారు. గుమ్మం దాకా వెళ్ళి చాలామందిని సాగనంపిన దాన్ని, నాకా సంగతి తెలుసు. ఎవరైనా నోరు మూసుకుని సంచీ సర్దుకుంటుంటే మాత్రం నా కుట్టు వంకర పోతుంది.

డాక్టరు సినిమా బోల్తా కొట్టిన వారంలో సెలూను గోడ మీది పిడుగు పోస్టరు మాయమైంది. మామూలు పోస్టరు కాదు, పిడుగు స్వహస్తాలతో సంతకం పెట్టినది. బార్బరు పొద్దంతా ఎండలో లైన్లో నిలబడి, తోపులాటలో చొక్కా చింపించుకుని మరీ తెచ్చుకున్నాడు. ఆ చొక్కాకి మాసిక వేసింది టైలరే.

బార్బరు ఖాళీ గోడని చూశాడు. తర్వాత తెర వైపు చూశాడు.

“టైలరు గారూ,” అన్నాడు.

గారు! సూది నా వేలిలో దిగింది.

“మా పోస్టరు ఏమైనా మీ వైపు వచ్చిందాండీ?”

“అంటే, నేను తీశానంటారా?”

“నేనేమీ అనలేదండీ. ఆయన సినిమాలంటే మీకు గిట్టదు కదా అని...”

టైలరు కత్తెర కింద పెట్టాడు. “మీ ఇంటి తాళంచెవి ఏళ్ళ తరబడి నా జేబులో ఉందండీ. ఇన్నాళ్ళూ దొంగని కాలేదు, ఒక కాగితానికి దొంగనయ్యాను. మంచిది. శనివారం నా మిషను మా బామ్మర్ది షాపుకి తీసుకెళ్ళిపోతాను.”

బామ్మర్ది షాపు ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారితే గాని చేరలేం. అక్కడ అంచులు కుట్టడానికి ఆ బామ్మర్ది వాళ్ళ అత్తగారు ముందే ఉన్నారు. నా సంగతి అటుంచండి, తెర తీసేసిన ఆ గదిలో బార్బరు ఒక్కడే కూర్చుని ఎవరితో పోట్లాడతాడు? ఆ దిగుల్లో ఇంటికెళ్ళి తమ్ముడి దగ్గర నోరు జారాను.

వాడి ముఖం వెయ్యి క్యాండిళ్ళ బల్బు అయింది.

“శనివారం లోపు ఆ నరరూప రాక్షసుణ్ణి తెచ్చి నీ పాదాల దగ్గర పడేస్తానక్కా!”

“పాదాల దగ్గర వద్దురా, అక్కడ జనం బట్టలుంటాయి. పోస్టరు గోడకెక్కించు, అంతే చాలు.”

మర్నాడు సెలూనులో అడుగుపెట్టీ పెట్టగానే మోకాళ్ళ మీద కూలబడి, “ఎవరూ కదలొద్దు! హంతకుడి వెంట్రుక దొరికింది!” అని అరిచాడు.

“చచ్చింది ఎవరూ లేరు సార్,” అన్నాడు బార్బరు. “వెంట్రుకలైతే ఆ మూల గంపెడున్నాయి. అవి కూడా పట్టుకెళ్ళండి, నాకు ఊడ్చే బాధ తప్పుతుంది.”

తర్వాత వేలిముద్రల కోసం అద్దం మీద పౌడరు గుప్పించి ఉఫ్‌మని ఊదాడు. అద్దం ముందు సగం గడ్డంతో కూర్చున్న పోస్టుమ్యాను గట్టిగా తుమ్మాడు.

“ఆగండి! ఈయన చెంప మీద నెత్తుటి చార ఉంది!”

“ఇప్పుడే తెగింది నాయనా,” అన్నాడు పోస్టుమ్యాను, “నీ పుణ్యమే.”

ఇక టైలరు వంతు వచ్చింది. తమ్ముడు భూతద్దం లోంచి అతని ముక్కు మీదికి వంగాడు.

“నేరం జరిగిన సమయంలో మీరెక్కడున్నారు?”

“నేరం ఎప్పుడు జరిగింది?”

“అది మీరు చెప్పాలి.”

“నాకేం తెలుసు?”

“ఆహా! ఆ సమయంలో తాను ఎక్కడున్నాడో తనకే తెలీదట! విన్నావా అక్కా?”

“విన్నాను. ఆ కొలతల టేపు మీద నుంచి కాలు తియ్యి,” అన్నాను.

ఇంట్లో భోజనాల బల్ల వాడి పరిశోధనాలయం అయిపోయింది. నిలువెత్తు తెల్ల కాగితం పరిచి, దాని మీద గళ్ళు, బాణాలు, పుర్రె బొమ్మలు గీసేవాడు. నేను దగ్గరికెళితే మోచేతులు అడ్డం పెట్టేవాడు.

“అనుమానితుల సాలెగూడక్కా ఇది. పరాయి కంట పడితే ప్రాణాలకే ముప్పు.”

“నేను పరాయిదాన్నేంట్రా?”

“చట్టానికి బంధుత్వాలు లేవు,” అని, దాన్ని చాపలా చుట్టి, ఆ చుట్ట మీద న్యూస్‌పేపరు చుట్టి, మంచం కింద దాచేవాడు. ఈ భద్రత చూసి నాక్కూడా కొంచెం నమ్మకం కలిగింది. మునిగేవాడికి గడ్డిపరక కూడా దూలంలా కనబడుతుంది.

శనివారం రానే వచ్చింది. ట్రాలీ ఆటో గుమ్మం ముందు ఆగింది. ఆటో అతను మిషను ఎక్కించి తాడుతో కడుతున్నాడు. టైలరు కత్తెరలు, సుద్దముక్కలు ఒక్కొక్కటే డబ్బాలో వేస్తున్నాడు. బార్బరు ఊడ్చిన నేలనే మళ్ళీ ఊడుస్తున్నాడు.

“బయల్దేరుదామా అక్కా? మిమ్మల్ని ఇంటి దగ్గర దించేస్తాను,” అన్నాడు టైలరు.

“ఈ ప్యాంటు అంచు ఒక్కటీ అయిపోనివ్వు నాయనా,” అన్నాను. అది అప్పటికే అయిపోయింది. ఎవరూ చూడకుండా కుట్టు విప్పుకుని మళ్ళీ మొదటి నుంచి కుడుతున్నాను.

అప్పుడు గుమ్మంలో మా తమ్ముడు ప్రత్యక్షమయ్యాడు, చంకలో చుట్టతో.

“ఎవరూ ఈ గది దాటి పోవడానికి వీల్లేదు! చీకటి తెర తొలగిపోయే ఘడియ వచ్చింది!”

“తెర నాది, తర్వాత విప్పుకుంటాను,” అన్నాడు టైలరు. “అదేదో త్వరగా కానివ్వండి, ఆటో అతను తొందరపడుతున్నాడు.”

తమ్ముడు న్యూస్‌పేపరు ఊడదీసి, కాగితాన్ని రెండు చేతులా చాచి ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. రాతంతా తన వైపుకే పెట్టుకున్నాడు. చివరి దాకా దొంగ పేరు మా కంట పడకూడదని వాడి జాగ్రత్త. మాకు వాడు కనబడలేదు, కాగితం కింద వాడి చెప్పులు మాత్రం కనబడ్డాయి. కాగితం మీద, మా వైపున, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చూపుడు వేలు ఎత్తి, పిడుగు నవ్వుతున్నాడు. మూలన సంతకం కూడా ఉంది.

బార్బరు చేతిలో చీపురు జారిపోయింది. టైలరు నోరు తెరుచుకుంది.

“దొంగ ఈ గదిలోనే ఉన్నాడు!” అన్నాడు మా తమ్ముడు కాగితం వెనక నుంచి.

“ఉన్నాడు,” అన్నాడు టైలరు.

“ఈ క్షణాన మీ కళ్ళ ముందే నిలబడి ఉన్నాడు!”

“చూస్తున్నాం,” అన్నాడు బార్బరు.

“పైకి అమాయకంగా కనబడతాడు. కానీ ఆ ముసుగు వెనక ఉన్న ముఖం చూస్తే మీరు నివ్వెరపోతారు!”

“నివ్వెరపోయే ఉన్నాంరా,” అన్నాను నేను. “కాస్త ఆ కాగితం తిప్పు.”

“తొందరపడకు అక్కా, ఎందుకంటే నా సాలెగూడు చివర చిక్కింది నువ్వే! కత్తెర పట్టే చెయ్యి, రెండు షాపుల్లోకీ తొంగిచూసే పీట...”

“తిప్పరా!”

చిన్నప్పుడు స్నానానికి పిలిచిన గొంతుతో అరిచాను. వాడు తిప్పాడు. పిడుగుని చూశాడు. భూతద్దం తీసి మళ్ళీ చూశాడు.

“ఇతను నా పటం వెనక ఎలా దూరాడు?” అన్నాడు.

“ముందు ఈ కాగితం ఎక్కడిదో చెప్పండి సార్,” అన్నాడు బార్బరు.

“ఇక్కడిదే. ఆ రోజు గడ్డం గీయించుకుని లేచేసరికి గోడకి తెల్ల కాగితం వేలాడుతోంది. మా పక్కింటివాళ్ళ గొడుగు పోయిన కేసుకి పటం గీయాలి. ఖాళీ కాగితమే కదా అని చుట్టేసి తెచ్చుకున్నాను. కళ్ళకి జోడు లేదు, చెవుల్లో నురగ...”

వాడి గొంతు సన్నబడింది. తన కేసు తనమీదే తేలిన డిటెక్టివ్‌ని నేను మొదటిసారి చూడటం. అయితే టైలరు వాణ్ణి చూడటం లేదు.

“తెల్ల కాగితమా?” అన్నాడు మెల్లగా. “పిడుగు బొమ్మ ఉన్న కాగితం తెల్లగా ఎందుకు వేలాడుతుంది?”

బార్బరు చీపురు తీసుకుని, దాని ఈనెలు సరిచేయడం మొదలుపెట్టాడు.

“నేనే తిప్పి పెట్టాను,” అన్నాడు చివరికి. “పొద్దున్నించీ వచ్చిన ప్రతివాడూ నవ్వడమే. డాక్టరు సినిమా అని ఒకడు, చెంపదెబ్బ అని ఒకడు. చేతిలో కత్తి, దాని కింద వాళ్ళ గొంతు. ఏమని జవాబు చెప్పను? ఇక ఆయన ముఖం చూడలేకపోయాను. ఒక్క పూట గోడ వైపు తిప్పుదామనుకున్నా. టీ తాగొచ్చేసరికి లేదు.”

“ఆ మాట నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు నవ్వుతావని.”

టైలరు డబ్బా మూత పెట్టాడు. “అంటే, సినిమా బాగోలేదని ఒప్పుకోవడం కన్నా నేను దొంగనని చెప్పుకోవడమే నీకు తేలికైందన్నమాట.”

బార్బరు తల ఎత్తలేదు. “తప్పే బావా,” అన్నాడు.

టైలరు డబ్బా ఎత్తుకుని బయటికి నడిచాడు. నా చేతిలో దారం అయిపోయింది. ఇంకో పోగు ఎక్కిద్దామంటే సూది బెజ్జం కనబడలేదు.

ఆటో అతను తాడు ముడి బిగించి, లోపలికి తొంగిచూశాడు. “ఎవరిదండీ ఆ బొమ్మ? ఓ, ఆ డాక్టరు సినిమావాడా!” అని పకపకా నవ్వాడు. “దండగమారి మనిషి. పాడటం రాదు, నటించడం అంతకన్నా రాదు.”

ఆటోలో పెట్టబోయిన డబ్బా టైలరు చేతుల్లోనే ఆగిపోయింది.

“ఏమన్నావ్? పాడటం రాదా?”

చీపురుతోనే గుమ్మంలోకి వచ్చాడు బార్బరు. “నటించడం రాదా?”

“లోకం అంటున్న మాటేనండీ...”

“లోకం సంగతి నీకెందుకయ్యా, నువ్వు అతని మొదటి పాట విన్నావా?” అన్నాడు టైలరు.

“విన్లేదండీ.”

“సినిమా చూశావా?” అన్నాడు బార్బరు.

“సగం చూశానండీ. నిద్రొచ్చింది.”

“బావా, వీడు సగం చూశాడట!”

“సగం చూసినవాడికే ఇంత నోరుంటే మొత్తం చూసిన నాకెంత ఉండాలిరా బావా!” అని టైలరు డబ్బా తెచ్చి నా పీట పక్కన పెట్టేశాడు. “రావయ్యా, లోపలికి రా. నీ గడ్డం కూడా మాసి ఉంది. కూర్చో.”

ఇద్దరూ కలిసి ఆటో అతన్ని కుర్చీలో కూలేశారు. బార్బరు అతని మెడ చుట్టూ గుడ్డ కట్టి చెవుల దాకా నురగ పట్టించాడు. ఒక పక్క నుంచి టైలరు పాట అందుకున్నాడు, ఇంకో పక్క నుంచి బార్బరు డాక్టరు సీను నటించి చూపిస్తున్నాడు. నిజం చెప్పాలంటే రెండూ ఘోరంగా ఉన్నాయి. తమ్ముడు బయటికెళ్ళి, అదేదో ముఖ్యమైన ఆధారం అన్నట్టు, మిషనుకి కట్టిన తాడు ముడులు భూతద్దంతో చూస్తూ ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

“మరి మిషనూ?” అన్నాడు ఆటో అతను నురగలోంచి. “నన్ను వెళ్ళనివ్వండి బాబూ, ఇంకో బాడుగ ఉంది.”

ఆ రోజు మా షాపు నుంచి ఎవర్నీ ఎక్కడికీ వెళ్ళనివ్వలేదు.