సుగ్గికి మూడు క్రెడిట్లు

దేశానికి పార్లమెంటు ఎంతో, బి.ఏ. గ్రామీణాభివృద్ధికి పాఠ్యమండలి అంత. పార్లమెంటుకైనా ఐదేళ్లకోసారి ఓటర్ల భయం ఉంటుంది. పాఠ్యమండలికి సాయంత్రం నాలుగింటి రాజంపేట బస్సు భయం తప్ప మరే భయమూ లేదు.

కర్నూలు శివార్లలోని మా హంద్రీ తీర విశ్వవిద్యాలయంలో (తీరం ఖాయం, నీళ్ల సంగతి వానదేవుడి ఇష్టం) ఈ మండలి ఏడాదికోసారి కూర్చుని, డిగ్రీ పిల్లలు ఏం చదవాలో, ఏం చదవకూడదో తేలుస్తుంది. అందులో నేనూ సభ్యుణ్ణి. అబ్బే, నేను పాఠాలు చెప్పేవాణ్ణి కాదు. యూనివర్సిటీ గేటు ఎదురుగా నాకో జిరాక్స్ షాపు ఉంది. మండలిలో పరిశ్రమ తరఫున ఒక ప్రతినిధి ఉండి తీరాలని నిబంధన. గేటు దగ్గర యంత్రం తిరిగే చోటు నాదొక్కటే. కాబట్టి మినిట్స్ పుస్తకంలో నా పేరు ‘శ్రీ యేసుప్రసాద్, పరిశ్రమ’ అని ఉంటుంది. మా ఆవిడ మొదట్లో నవ్వేది, ఇప్పుడు పట్టించుకోవడం మానేసింది.

పోయిన దసరా ముందు జరిగిన సమావేశానికి అధ్యక్షులు ప్రొఫెసర్ సుందరం గారు. బయటి నిపుణులు రాజంపేట నుంచి వచ్చిన డాక్టర్ నెహెమ్యా గారు. మా అందరిలో రోజూ తరగతికి వెళ్లి పాఠం చెప్పే మనిషి కృపారాణి మేడం ఒక్కరే. టేబుల్ మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. వాటి మీద మాత్రం ఏ సమావేశంలోనూ భిన్నాభిప్రాయం రాలేదు.

మేడం లేచి శివజ్యోతి సంగతి ఎత్తారు. ఆ అమ్మాయిది కోసిగి పక్క పల్లె, డిగ్రీ ఆఖరి సంవత్సరం. జనవరి వచ్చిందంటే ఆ వైపు ఇళ్లకు తాళాలు పడతాయి. జనం మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి, ఉగాదికి గాని తిరిగి రారు. దాన్నే వాళ్లు సుగ్గి అంటారు. శివజ్యోతి తల్లి మద్దమ్మతో సుగ్గికి పోకపోతే ఇల్లు గడవదు. పోతే హాజరు చాలదు, హాజరు చాలకపోతే పరీక్ష రాయనివ్వరు. మొదటి రెండేళ్లు జ్వరమని డాక్టరు చీటీ పెట్టి నెట్టుకొచ్చింది గానీ, ఏటా జనవరిలో వచ్చి ఉగాదికి తగ్గిపోయే జ్వరం మీద ఆఫీసుకు అనుమానం వచ్చింది. ఈ ఏడాది పరీక్ష తప్పితే ఇక చదువు మాన్పించేస్తానని మద్దమ్మ తేల్చి చెప్పిందట.

“హాజరు మినహాయించేది మన చేతిలో లేదమ్మా,” అన్నారు సుందరం గారు, బజ్జీలోంచి గింజలు ఏరి పక్కన పెడుతూ. “మన చేతిలో ఉండేది డిగ్రీని మార్చేది ఒక్కటే.”

అందరం కాసేపు నమలడం ఆపాం. దారి దానంతటదే కనబడింది. పిల్ల తరగతికి రాలేనప్పుడు తరగతే మిరపచేనుకు పోవాలి. సుగ్గినే ఒక నైపుణ్య పేపరుగా పెట్టేస్తే, కాయలు కోస్తున్నన్నాళ్లూ పిల్ల తరగతిలో ఉన్నట్టే లెక్క. మూడు క్రెడిట్లు ఇద్దామన్నారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు మండలి మీద భక్తి పుట్టింది.

“ఏమప్పా యేసుప్రసాదూ, పరిశ్రమ ఏమంటాది?” అన్నారు సుందరం గారు.

“శానా బాగుండాది సార్,” అంది పరిశ్రమ.

మేడం పట్టలేని సంతోషంతో అక్కడికక్కడే ఫోను తీశారు. “నిశ్చింతగా పోమ్మా శివజ్యోతీ. నిన్ను సిలబస్‌లో పెట్టినాం.”

అప్పటికి ఇంకా రెండే అయింది. నాలుగింటి బస్సుకు చాలా వ్యవధి ఉంది. ఖాళీగా ఎందుకు కూర్చోవడమని మండలి ఆ పేపరును మెరుగుపరచడం మొదలుపెట్టింది.

ముందు లక్ష్యాలు రాశారు. ఈ కోర్సు ముగిసేసరికి విద్యార్థి మిరపకాయను గుర్తించగలగాలి, వర్ణించగలగాలి, విమర్శనాత్మకంగా విశ్లేషించగలగాలి. (‘కోయగలగాలి’ అని మేడం రాస్తే, అది కిందిస్థాయి నైపుణ్యమని కొట్టేశారు.) మొదటి యూనిట్ మిరప చరిత్ర. మిరపకాయ మన దేశానిది కాదు, ఓడలెక్కి వచ్చిందని తేలేసరికి కలవరం రేగింది. స్వదేశీ విజ్ఞానానికి ఒక యూనిట్ కేటాయించాలని పైనుంచి ఉత్తర్వు ఉంది మరి. అందుకని రెండో యూనిట్ మిరియాలకిచ్చారు. మూడో యూనిట్ ‘వంగుట: సిద్ధాంతాలు, దృక్పథాలు’.

“అంతా మీ కర్నూలుదేనా? మా రాజంపేట అరటి ఏం పాపం చేసింది?” అన్నారు నెహెమ్యా గారు గడియారం చూసుకుంటూ. నాలుగో యూనిట్ అరటి అయింది.

ఇక మిగిలింది ప్రాక్టికల్స్. ప్రాక్టికల్ అన్నది క్యాంపస్ లోపల, సామాన్ల రిజిస్టరు ఉన్న ప్రయోగశాలలోనే జరగాలని నిబంధన.

“మరి ఆ పాప గుంటూరు కాడ కోస్తాంటే హాజరు యెవరు యేస్తారు సార్?” అని అడిగాను.

“మంచి ప్రశ్న,” అన్నారు సుందరం గారు. మా మండలిలో మంచి ప్రశ్నకు జవాబివ్వరు, ఉపసంఘానికిస్తారు. నా ప్రశ్న అలా ఉపసంఘానికి వెళ్లింది. నెహెమ్యా గారు బస్సుకు వెళ్లారు.

జనవరి వచ్చింది. శివజ్యోతి తల్లితో సుగ్గికి పోయింది. ఇక్కడ క్యాంటీన్ వెనకాల ప్రయోగశాల వెలిసింది, అంటే పూలకుండీల్లో మిరపమొక్కలు నాటారు. అవి పచ్చగా పెరిగాయి గానీ, ఎంతకీ కాయలు కాయలేదు. పాఠ్యప్రణాళికను మొక్కలకు ఎవరూ చదివి వినిపించలేదేమో. ఒకరోజు పొద్దున్నే ప్రశ్నపత్రాల కట్ట ఇవ్వడానికి వెళితే, అటెండరు దాసన్న రైతుబజారులో కొన్న మిరపకాయలను తెల్లదారంతో కొమ్మలకు కడుతున్నాడు.

“ఏం చేస్తాండావు దాసన్నా?”

“కాపు కాయిస్తాండానప్పా.”

పిల్లలు వచ్చి ఆ ముళ్లు విప్పి కాయలు కోస్తారు, రికార్డులో బొమ్మ గీస్తారు, కాయలు దాసన్నకు అప్పజెబుతారు. వాటినే దాసన్న తర్వాతి బ్యాచ్‌కు మళ్లీ కడతాడు. వారం తిరిగేసరికి అవి ఎండుమిరపకాయలయ్యేవి. దాన్ని రికార్డులో ‘విలువ జోడింపు’ అని రాయించేవారు. తనిఖీ బృందం వచ్చి ఆ కుండీల పక్కన నిలబడి ఫోటోలు దిగి, గ్రామీణ జీవితాన్ని కళ్లకు కట్టారని మెచ్చుకుని పోయింది. (కట్టిన మాట వాస్తవమే.)

ఉపసంఘం కూడా తన పని తాను చేసింది. హాజరు కోసం ముఖం చూపించే యాప్ పెట్టింది. శివజ్యోతి రోజూ తెల్లారగానే చేను గట్టు మీద నిలబడి, తలకు చుట్టుకున్న గుడ్డ తీసి, ఫోనుకు ముఖం చూపించేది. ‘మీరు తరగతికి చాలా దూరంలో ఉన్నారు. దయచేసి దగ్గరికి రండి’ అనేది యాప్. వెనక నడుం ఎత్తు మిరపచేను, దాన్నిండా ఎర్రటి కాయలు. ఆ పిల్ల పంపిన ఆ ఫోటోలన్నీ మేడం నా దగ్గర రంగుల్లో ప్రింటు తీయించి సుందరం గారికి చూపించారు.

“యాప్‌ను మార్చేది మన పరిధిలో లేదమ్మా,” అన్నారాయన బాధగా. “కావాలంటే యాప్ మీద ఒక యూనిట్ పెడదాం.”

పరీక్షల ముందు నోటీసు బోర్డు మీద జాబితా పడింది. సుగ్గి పేపరులో అందరికీ హాజరు నిండుగా ఉంది. ఒక్క శివజ్యోతి పేరు ఎదుట ‘హాజరు శూన్యం, పరీక్షకు అనర్హురాలు’ అని ఉంది. పక్కన కారణం రాసే గడిలో ఎవరో గుండ్రటి అక్షరాలతో రాశారు: ‘మిరపకాయలు కోయుటకు వెళ్లినందున’.

మండలి అత్యవసరంగా కూర్చుంది. మేడం గొంతు పోయేదాకా వాదించారు. నేనూ నోరు చేసుకున్నాను. పరిశ్రమకు కోపం వచ్చిందని మినిట్స్‌లో రాశారు కూడా. చివరికి సుందరం గారి మనసు కరిగింది. ఆ అమ్మాయికి అన్యాయం జరగకూడదన్నారు. వచ్చే ఏడాది జనవరి నుంచి ఉగాది దాకా క్యాంపస్‌లో ఉండి, సుగ్గి పేపరును మళ్లీ చదువుకునేందుకు ప్రత్యేక అనుమతి మంజూరు చేశారు.

ఉగాది మర్నాడు తల్లీకూతుళ్లు బస్సు దిగి, మూటలతో సహా నేరుగా నా షాపుకు వచ్చారు. ఆ అనుమతి ఉత్తర్వు నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

“మల్ల జనవరి నుంచి ఉగాది దాకానా నాయనా?” అంది మద్దమ్మ. “అప్పుడు మేముండేది యాడ?” మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. చదువు సంగతి అక్కడితో తేలిపోయిందని నాకు అర్థమైంది, పిల్లకూ అర్థమైంది.

శివజ్యోతి ఉత్తర్వును మడిచి సంచిలో పెట్టుకుంది. “మిగతా అందరూ పాసయినట్టేనా అన్నా?”

“అందరూనమ్మా.”

“ఏం కోసినారు?”

“దారాలు.”

ఫక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోబోయి, చెయ్యి ముఖం దాకా తెచ్చి ఆపేసింది. సుగ్గి చేసి వచ్చిన చేతులతో కళ్లు తుడుచుకోకూడదు, ఎన్నిసార్లు కడిగినా ఆ మంట కొన్నాళ్లు పోదు. ఈ సంగతి మా నాలుగు యూనిట్లలో ఎక్కడా లేదు.