మూడో కొటేషన్

2003 డిసెంబరు 15, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆకాశం నిర్మలం, గాలి లేదు, వరండాలోని ఉష్ణమాపకం పదకొండు డిగ్రీలు చూపుతోంది. పేట్ బషీరాబాద్ వెనుక కొత్తగా వెలసిన నలభై ఇళ్ళ కాలనీలో, పన్నెండో నంబరు ఇంటి స్నానాలగదిలో ఉన్న పాత హీటరు, బోరునీటి ఉప్పుకు అడుగు చిల్లుపడి, ఆఖరి బొట్టు నేలమీద వదిలి విశ్రమించింది. పొయ్యిమీద నీళ్ళు కాచి బకెట్టుతో మోసుకువెళ్ళడం ఆ ఇంటి ఇల్లాలు అమ్మడు మోకాళ్ళవల్ల అయ్యే పని కాదు. బరువులెత్తవద్దని డాక్టరు కాగితంమీద రాసి మరీ ఇచ్చాడు. సాయంత్రానికల్లా కొత్త హీటరు గోడకెక్కాలన్నది ఆమె ఆలోచన.

అయితే ఆమె భర్త వెంకటేశ్వరరావు ముప్ఫై నాలుగేళ్ళు ప్రభుత్వ స్టోర్సు విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. మూడు కొటేషన్లు తెప్పించి, పోలిక పట్టిక గీయకుండా సర్వీసులో ఉండగా ఆయన గుండుసూది కూడా కొనలేదు. రిటైరయ్యాక అలా కొనగల శక్తి నశించింది.

"దుకాణానికెళ్ళి అడిగితే ధర చెప్పరా ఏంటండీ?" అంది అమ్మడు.

"నోటిమాటకి విలువేముందే? కాగితం ఉండాలి."

కాగితం కోసం వెదికితే, తాను కార్యదర్శిగా ఉన్న కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ దొరికింది. పైనున్న సంఘం పేరును ఒక్క గీతతో కొట్టివేశాడు. కింద సంతకం పెట్టగానే, చేతికున్న అలవాటు సంఘం రబ్బరు స్టాంపు కూడా వేసింది. మేడ్చల్, కొంపల్లి, బొల్లారం దుకాణాలకు ఉత్తరాలు వెళ్ళాయి. ఇరవై అయిదు లీటర్ల హీటరుకు ధర తెలుపవలసిందని అందులో ఉంది. ఎన్ని కావాలో లేదు. ఒక ఇంటికి ఎన్ని కావాలో ఎవరికైనా తెలుస్తుంది కదా అనుకున్నాడు.

నాలుగో రోజున కొంపల్లి జవాబు పోస్టులో వచ్చింది. బొల్లారం జవాబు రాలేదు. మేడ్చల్ దుకాణం యజమాని రాకేష్ మాత్రం స్వయంగా మోటారుసైకిలు మీద వచ్చాడు. అతడు స్టాంపును చూశాడు, కొట్టివేసిన గీతను చూడలేదు.

"నలభై ఇండ్లు లెక్కవెట్టుకొని వచ్చిన సార్," అన్నాడు కూర్చుంటూనే. "గీ ధర మీకు ఏడ దొర్కది. ఇరవైకి ఒకటి మీకు ఫ్రీగ ఇస్త. అంటే రెండు మీయే."

ఉచితమన్న మాట లంచంగా చెవినపడగానే వెంకటేశ్వరరావు లేచి తలుపు చూపించాడు. ఆ ఆవేశంలో, తనకు కావలసింది ఒక్కటేనని చెప్పడం మరిచాడు.

రాకేష్ పోతూ పోతూ గేటుదగ్గర వాచ్‌మన్ గాలయ్యతో ధరా చెప్పాడు, రెండు ఉచితంగా ఇస్తానన్నా సారు వద్దన్నాడనీ చెప్పాడు. సాయంత్రానికి కాలనీ అంతటా తిరిగివచ్చిన వార్తలో ధర ఉంది, ఉచితం ఉంది. వద్దన్నాడన్న ముక్క దారిలో ఎక్కడో రాలిపోయింది. పేర్లు రాయించుకోవడానికి ముప్ఫై తొమ్మిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. తనకేమీ సంబంధం లేదని వెంకటేశ్వరరావు ఎంత గట్టిగా చెబితే, ఏదో ఉందన్న నమ్మకం వాళ్ళకు అంత గట్టిపడింది. కిందటి ఎన్నికలో ఆయన చేతిలో మూడు ఓట్లతో ఓడిన ఫణిభూషణ్ ఆదివారం అత్యవసర సమావేశం పెట్టించాడు.

"మాకు అభ్యంతరమేం లేదండీ," అన్నాడు ఫణిభూషణ్ ఎంతో మర్యాదగా. "రెండోది ఏ గదిలో పెట్టుకుంటారో చెప్తే చాలు."

వెంకటేశ్వరరావు ముఖం కందగడ్డ అయింది. "మీరంతా కొనుక్కోండి. నేను కార్యదర్శిగా ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో హీటరన్నది ఉండదు. మినిట్స్‌లో రాసుకోండి."

చప్పట్లు మోగాయి. చివరి వరుసలో కూర్చున్న అమ్మడు, తన వేణ్ణీళ్ళు ఏకగ్రీవంగా దానమైపోవడం చూసింది.

మర్నాడు పాలు పోయడానికి వచ్చిన బాలమణికి సంగతి చెప్పింది. కాలనీ లేచిన నేల ఒకప్పుడు బాలమణి ఇంటివాళ్ళ జొన్నచేను.

"సారు మాటకు నువ్వెందుకమ్మా సల్లనీళ్ళు వోసుకునుడు?" అంది బాలమణి. "మా ఇంట్ల రాగి బాయిలర్ ఊకెనే వడున్నది, తోలిస్త. పుల్లలు ఎగదోసుడు సారుకు జెప్పు."

బాయిలర్ స్నానాలగది గోడకు ఆనుకుని పెరట్లో నిలబడింది. దాని కొళాయికి రబ్బరు గొట్టం తగిలించి కిటికీలోంచి లోపలికి వేశారు, బకెట్టు మోయనక్కరలేకపోయింది. ప్రతిజ్ఞ చేసినవారే మంట పెట్టాలన్నది అమ్మడు షరతు. రోజూ ఐదింటికి మఫ్లరు చుట్టుకుని వెంకటేశ్వరరావు పొయ్యి ఊదేవాడు. కళ్ళవెంట నీళ్ళు కారేవి.

జనవరి 5, సోమవారం ఉదయం ఆరింటికి ముప్ఫై తొమ్మిది కొత్త హీటర్లు ఒకేసారి వేశారు. పదహారు ఇళ్ళ లెక్కన బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ ఏడు నిమిషాలు ఓర్చుకుని పేలింది. మూడు రోజులు కరెంటు లేదు. చేతిపంపు దగ్గర నీళ్ళు పట్టుకుని, వాటిని కాచుకోవడానికి జనమంతా పన్నెండో నంబరు పెరట్లో బారులు తీరారు. అందరికంటే ముందు ఫణిభూషణ్ ఉన్నాడు.

అమ్మడు కుర్చీలోంచి లేవలేదు. "కాస్త ఆగండి ఫణిభూషణ్‌గారూ. మీ వెనకున్న రెండు బకెట్లు కూడా ముందుకు రానివ్వండి. మూడూ పోల్చి చూసి, అన్నిటికంటే చిన్నదానికి ముందు పోస్తాను."

ఆ నెలాఖరు ఎన్నికలో వెంకటేశ్వరరావు పేరును ఫణిభూషణే ప్రతిపాదించాడు. పోటీ లేదు. పదవితోపాటు ప్రతిజ్ఞ కూడా మరో నాలుగేళ్ళు పొడిగింపు పొందింది.

బొల్లారం నుంచి మూడో కొటేషన్ రానేలేదు. 2007 ఫిబ్రవరిలో, ప్రతిజ్ఞకు ఇంకా ఏడాది గడువుండగానే, భర్త కాశీకి వెళ్ళిన పది రోజుల్లో, అమ్మడు మేడ్చల్ వెళ్ళి, ఒక్క దుకాణంలో ఒక్క ధర అడిగి, ఒక్క హీటరు కొనుక్కుంది. అది పదకొండేళ్ళు పనిచేసింది.