మామగారికి పెట్టిన మిషన్

ఆ రోజు పొద్దున షెడ్డులో ఇంజనీరు పెట్టుకున్నది ఒక్కటే పని. అయస్కాంతాలు అతికించిన చక్రాన్ని కప్పీ తాడుతో మెల్లగా దించి, రాగిచుట్టల మీద గొడుగులా కూర్చోబెట్టాలి. అంతటితో జనరేటర్ సిద్ధం. నీరసపు గాలికి గాలిమర రెక్కలు బద్ధకంగా తిరిగినా కరెంటు పుట్టాలని ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి చేయించిన జనరేటర్ అది. తిరుగుడు నెమ్మది కాబట్టి అయస్కాంతాలు ఎక్కువ పెట్టాడు. ఎక్కువ పెట్టాడు కాబట్టి వాటిని చూసి తనే భయపడుతున్నాడు. మొన్నొకసారి పానా గాల్లోకి లేచి వెళ్ళి, వెల్డరు బొటనవేలి గోరు ఊడగొట్టింది.

చక్రం సగం దిగాక ఫోను మోగింది. తాడు మోచేతికి చుట్టుకుని ఎత్తాడు. భార్య.

"నాన్న మీ జనరేటర్ చూస్తానంటున్నాడండీ. దారిలోనే ఉన్నాం. మిషన్ పెట్టారుగా, కుర్రాడిలా తిరుగుతున్నాడు."

మామగారు గుండెదడతో ఆసుపత్రికి తిరుగుతున్నారని ఇంజనీరుకు తెలుసు. మిషన్ పెట్టేదాకా వచ్చిందని తెలియదు. గుండెలో మిషన్ ఉన్న మనిషి ఇన్ని అయస్కాంతాల పక్కకు వస్తే ఆ మిషన్ గతి తప్పుతుంది.

"వద్దు. మామయ్యగారు ఇక్కడికి రాకూడదు."

"మా నాన్న రాకూడదా?"

కారణం చెప్పబోయేంతలో ఫోను చేతిలోంచి లేచిపోయి చక్రం అంచుకు టక్కున అతుక్కుంది. వెల్డరు ఎంత లాగినా ఊడలేదు. కారులో భార్య "ఫోను పెట్టేశారు" అని తల్లికి చెప్పింది. తల్లి డ్రైవరును తొందరపెట్టింది.

"గేటు దగ్గరికి పరిగెత్తు. ముసలాయన్ని రానివ్వకు," అని ఇంజనీరు వెల్డరును తరిమాడు.

వెల్డరు గేటుకు అడ్డంగా నిలబడి, విన్నది విన్నట్టే చెప్పాడు. "ముసలాయన్ని రానివ్వద్దన్నారండి."

అత్తగారి గొంతు షెడ్డు దాకా వినిపించింది. అక్కడ వాదన సాగుతుండగానే మామగారు పక్కనున్న చిన్న తలుపు తోసుకుని నవ్వుతూ లోపలికి వచ్చేశారు.

"మామయ్యగారూ, అక్కడే ఆగండి."

"బాగున్నాను బాబూ. మీరెలా ఉన్నారు?"

"దగ్గరికి రావద్దండీ. ప్రాణం పోతుంది."

"వస్తున్నా, వస్తున్నా."

తాడు వదిలితే చక్రం పడిపోతుంది. గాజులాంటి పెళుసు అయస్కాంతాలు ముక్కలవుతాయి. వదలకపోతే మామగారు దక్కరు. ఇంజనీరు కళ్ళు మూసుకుని తాడు వదిలేశాడు. ఎదురు దూకి ఆయన్ని వాటేసుకున్నాడు. వెనక షెడ్డంతా దద్దరిల్లింది.

ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి మామా అల్లుళ్ళు నేల మీద ఉన్నారు.

"గుండెలో మిషన్... అయస్కాంతాలు..." అల్లుడికి మాట తడబడుతోంది.

"గుండెకేమైందండీ? ఆ దడ ఉత్త గ్యాసని తేల్చారు. మిషన్ పెట్టింది చెవికి," అంది భార్య. "దురదగా ఉందని కారులో తీసి పెట్టాడు."

ఇంజనీరుకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలలేదు. మామగారు లేచి, ఆసరాకు చేతికందిన దాన్ని పట్టుకున్నారు. అది చక్రం. నడిమి ఇరుసు దాన్ని తిన్నగా దించి కూర్చోబెట్టినట్టుంది, ఎక్కడా రాసుకోకుండా ఆయన చెయ్యి కదిలినంత నెమ్మదిగా తిరిగింది. పరీక్ష కోసం తగిలించిన బల్బు వెలిగింది.

ఇంజనీరు నేల మీదే కూర్చుని ఏడ్చేశాడు.

అత్తగారు ఆ బల్బు వంక కాసేపు చూసి, "మా ఇంట్లో స్విచ్చి నొక్కితే వెలుగుతుంది బాబూ," అంది.